కాళ్ళ కింది పచ్చ పీలిక

గ్రీసు దేశపు నక్సోస్ దీవిలో ఒక ఇంటి వాకిట్లో, పాత బట్టల పీలికలతో నేసిన తివాచీని కత్తిరించి మనవరాలు కోటు కుడుతోంది. పక్కనే అమ్మమ్మ చిక్కుడుకాయలు వొలుస్తోంది.

“ఓసి పిచ్చిదానా! అంచు కుట్టకుండా కత్తెర పెడితే నేతంతా ఊడిపోదూ?”

“ఊడితే ఊడింది గానీ అమ్మమ్మా, ఈ పచ్చ పీలిక మీద ఏదో పేరు కుట్టి ఉందే! లెఫ్తెరిస్ ఎవరు?”

“ఓడలో పనిచేసేవాడు. బట్టలు కలిసిపోకుండా వాళ్ళు పేర్లు కుట్టుకుంటారులే.”

“తాతయ్య పేరు స్తమాతిస్ కదా? ఆయన రొట్టెల బట్టీ వదిలి ఓడెప్పుడు ఎక్కాడు?”

“ఎక్కలేదు.”

“మరి ఆ ఓడవాడి చొక్కా పీలిక నీ దగ్గరికెలా వచ్చింది?”

“మోచెయ్యి చిరిగిందని, కుట్టిపెట్టమని ఇచ్చి వెళ్ళాడు. తీసుకోవడానికి మళ్ళీ రాలేదు. నా పెళ్ళయ్యాక చింపి ఇందులో నేసేశాను.”

“తాతయ్యకి తెలుసా?”

“తెలియకపోతే, ఇంట్లోకొస్తూ రోజూ సరిగ్గా ఆ పచ్చ చార మీదే బూట్లెందుకు తుడుచుకునేవాడే?”

“అమ్మ బాబోయ్! మరి దీన్ని కోటులో ఎక్కడ పెట్టను? లోపలివైపు దాచెయ్యనా?”

“కాలరుకి కుట్టు. నలభై ఏళ్ళు కాళ్ళ కింద పడున్నాడు, చాలు.”