మైకులో చెప్పిన సాక్ష్యం

పంతొమ్మిది వందల అరవై రెండు. బిట్రగుంట రైల్వే కాలనీలో ఆదివారం మధ్యాహ్నం. లోకో షెడ్డులో ఇంజన్లు బాగుచేసే ఫిట్టరు, చర్చి సంఘ పెద్ద అయిన సమాధానం తన క్వార్టరు తలుపు సగం మూసి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురుగా మెట్ల మీద, బజారులో గిన్నెలకు కళాయి వేసే చాంద్ బాషా భార్య ఇమాంబీ.

"నడిపించి చూపించే పన్లేదన్నా. మీ పాప ఊరికే నిలబడితే చాలు. ఒక్కసారి కళ్లతో చూసి పోతా."

"నిద్రపోతా ఉందమ్మా."

"ఈ పొద్దులోనా?"

"నిన్నంతా ప్రార్థన కూటాల్లో ఉంది గదా. అలిసిపోయింది."

"నిన్న పాప రాలేదే. పందిరి బయట చివరిదాకా ఉంటి నేను. నువ్వొక్కడివే వచ్చినావు."

"నిన్న కాదులే. మొన్న. మొన్నటి అలుపు."

"సరే, లేచినాక వస్తా. ఎప్పుడు రమ్మంటావు?"

"లేచినాక... లేచినాక బడికి పోతాది."

"ఆదివారం గదన్నా."

"ఆదివారం బడే. చర్చిలో పిలకాయలకు పెడతాం గదా, అది."

"ఏదో పనిలో ఉన్నట్టుండావు. నేనొచ్చి అడ్డం పడినా."

"అట్లాంటిదేం లేదు ఇమాంబీ. చాంద్ బాషా బాగుండాడా?"

"బాగుండాడు. ఆయన వద్దంటా ఉంటేనే వచ్చినా. ఈ సాయంత్రం బండికి మా నూర్జహాన్‌ను మద్రాసుకు తీసకపోవాల. పెద్దాసుపత్రిలో మంచం ఇస్తామన్నారు. రేపు చేరకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతాది. కాలికి ఆపరేషన్ చేసి, ఇనప కమ్మీల బూటు చేయించి ఇస్తారంట. మీ ఆనందకుమారికి ఇచ్చినట్టే."

"మంచిదే గదా. పోండి."

"పోయేదాన్నే. మొన్న మైకులో నీ గొంతు విన్నప్పటినుంచి కాలూ చెయ్యీ ఆడలేదు."

"బండి సాయంత్రం గదా. తొందరగా బయల్దేరండి మరి."

"ఉండన్నా. ఎండిపోయిన కాలుతో నా బిడ్డ నడిచింది, నేను కళ్లారా చూసినా, అన్నావు. మా వీధిదాకా వినబడింది. నీ గొంతే గదా?"

"నా గొంతే."

"తెల్లారి పందిట్లోకి పోయి చూసి వచ్చినా. పాప బూటును గుంజకు కట్టి పూలదండ వేసినారు. పక్కన ఎవరిదో చంకకర్ర. అది చూసినాక పిల్లను కత్తి కింద పెట్టేదానికి మనసు రాలేదు. ఈ పూటతో కూటాలు అయిపోతాయంట. బండీ ఆ పొద్దుకే, కూటమూ ఆ పొద్దుకే. ఏదో ఒకటే కుదురుతాది."

"మీకు మా ప్రార్థనలూ అవీ... మీవాళ్లు ఏమనుకుంటారో."

"మావాళ్ల సంగతి నేను చూసుకుంటా. ఆ స్వస్థత ప్రార్థనలు చేసే హెబ్రోను గారు ఎవరో నాకు తెలీదన్నా. మొన్న వచ్చినాడు, రేపు పోతాడు. నువ్వు తెలుసు. పై ఆఫీసరు ఎంత ఒత్తిడి చేసినా, బాగుపడని ఇంజనును బాగుందని నోటితో చెప్పడని మా ఆయన నీ గురించి పదిమందిలో అంటాడు. అందుకే వచ్చినా. ఒక్క మాట చెప్పు. ఆపరేషన్ మానుకోమంటావా?"

"అది నేను చెప్పేదా? బిడ్డ మీది. విశ్వాసం అనేది ఒకరు చెప్తే వచ్చేది కాదమ్మా."

"నీకెట్లా వచ్చింది మరి?"

"నాకా..."

"ఎవరండీ అది? గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతారేంది?"

"ఎవరూ కాదు ఎలిశబెతూ. నువ్వు వంట చూసుకో."

"ఇమాంబీ గొంతు గదా. రా ఇమాంబీ, లోపలికి రా."

"వద్దులే అక్కా. పాప నిద్రపోతా ఉందంట."

"ఎవరన్నారు?"

"అన్న."

"నిద్రా? మొన్నటినుంచి దానికి నిద్ర ఎక్కడిది?"

"ఎలిశబెతూ."

"ఏం? లేనిదేమన్నా చెప్పినానా?"

"పాపకు బాగలేదా అక్కా?"

"జొరం ఇమాంబీ. ఊరికే కొంచెం జొరం. గాలి మారింది గదా."

"మోకాటికి వస్తాదా అండీ జొరం?"

"ఎలిశబెతూ, నువ్వొక్క నిమిషం లోపలికి రా. ఇమాంబీ, ఇప్పుడే వస్తా. ఏమనుకోబాక."

సమాధానం తలుపు దగ్గరగా వేశాడు. ఇమాంబీ మెట్ల మీదే ఉండిపోయింది.

"మెల్లగా మాట్లాడు. వినబడతాది."

"వినబడనీండి. వినేదానికే వచ్చింది ఆమె."

"ఇప్పుడామెకు చెప్పి ఏం లాభం? రేపటికి బజారంతా తెలుస్తాది. సంఘం నవ్వులపాలు అవుతాది. పెద్దలమని మనం ముందు వరసలో కూర్చునేదెట్లా?"

"ఆ పిల్లకు మంచం పోతే?"

"పొమ్మని చెప్పినా గదా."

"పొమ్మన్నారు. ఎందుకు పోవాల్నో చెప్పినారా?"

"సందేహం నోటితో పలికితే స్వస్థత ఆగిపోతాదని హెబ్రోను గారు చెప్పలేదా? నీ ముందరే గదా చెప్పింది."

"రానిది ఎట్లా ఆగుతాదండీ? ఆయన ఇంకోటి కూడా చెప్పినాడు. బూటు మళ్లీ తొడిగితే దేవుణ్ణి అవమానించినట్టని. బిడ్డ మోకాలు కుండలాగా వాచి ఉంది. దొడ్లోకి పోవాలన్నా నేను చంకనేసుకోని పోతా ఉండా. బూటేమో ఆడ దండేసుకోని ఊగతా ఉంది. అది తెచ్చేదానికి మీకు కాళ్లు రాలేదు."

"అందరూ చూస్తారు ఎలిశబెతూ."

"చూస్తే?"

"మొన్న సాక్ష్యం చెప్పిన మనిషి ఈరోజు బూటు విప్పుకోని పోతా ఉంటే... నువ్వొకసారి నా తావులో ఉండి చూడు."

"నేను మీ బిడ్డ తావులో ఉండి చూస్తా ఉండా. ఆదివారం బడిలో పిలకాయలకు ఏం చెప్తారు మీరు? దేవుని పేరెత్తి వచ్చిన ప్రతి మనిషినీ నమ్మేయబాకండి, పరీక్షించి చూడండి అని చెప్పరా? మీరేం పరీక్ష పెట్టినారు ఆయనకు? బండి దిగినప్పుడు తెల్లబట్టలు చూసినారు. ప్రార్థనలో గొంతు విన్నారు. తెచ్చి మనింట్లోనే దించినారు. నా చేతి కూడు తింటానే పాప గురించి ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు. కాలు ఎప్పుడు పడిపోయింది, ఏ ఆసుపత్రి, తొడుగు లేకుండా ఎంతసేపు నిలబడతాది. అంతా నేనే చెప్పినా, పిచ్చిదాన్ని. పందిట్లో దేవుడు చూపించినాడని అవన్నీ చదివినాడు. మీరు ఆమేన్ అన్నారు."

"అంత జనంలో కాదని ఎట్లా అనేది?"

"ఆడ అనలేకపోయినారు, సరే. ఈడ జనం ఎవరుండారు? మెట్ల మీద ఒక తల్లి ఉంది."

"దేవుడు అద్భుతాలు చేయడంటావా నువ్వు?"

"చేస్తాడు. ఆయనను నేను నమ్మతా. ఆయనకు మీ అబద్ధం సాయం అవసరం లేదంటా ఉండా. అంతే. తలుపు తీయండి."

"ఏమని మొదలుపెట్టేది?"

"తీయండి ముందు."

"ఇమాంబీ..."

"పోతానన్నా. ఇంట్లో ఏదో మాట పట్టింపు వచ్చినట్టుంది. నేను రాకుండా ఉండాల్సింది."

"పోబాక. లోపలికి వచ్చి కూర్చో."

"నిలబడతాలే. చెప్పు."

"సాయంత్రం బండి ఎక్కండి. నూర్జహాన్‌ను మద్రాసుకు తీసకపోండి."

"అదే ఇందాకా చెప్పినావు. పాప నడిచింది గదా మరి?"

"నడవలేదు."

"అంటే?"

"మైకులో చెప్పింది నిజం కాదమ్మా. కాలు అట్లనే ఉంది. ముందరికన్నా అన్యాయంగా ఉంది ఇప్పుడు."

"అందరూ చూసినామంటారే."

"కొన్ని అడుగులు ఏసింది, అది నిజమే. బూటు తీపించి, రెక్క పట్టుకోని లాగతా, జనమంతా స్తోత్రం స్తోత్రం అంటా ఉంటే ఏసింది. ఆ కేకల్లో నాకూ ఒళ్లు తెలీలేదు. ఇంటికొచ్చినాక మోకాలు వాచింది. అప్పుడు తెలిసింది మోసపోయినానని."

"మొన్నే తెలిసిందా?"

"మొన్ననే."

"నిన్నంతా ఉండావు గదన్నా. ఎవరితోనూ అనలేదే."

"సిగ్గేసింది."

"నేను రాకపోయి ఉంటే?"

"ఏం చెప్పమంటావు ఇమాంబీ."

"మా ఆయన కట్టి పెట్టిన మూటలు నేను విప్పేసి వచ్చినా. పిల్ల గౌన్లు మళ్లీ పెట్టెలో సర్దేసినా. నీ మాట మీద. ఆయనతో పోట్లాడి, నీకేం తెలుసు, సమాధానం అన్న అంతటి మనిషే చెప్తే, అని నోరు మూయించి వచ్చినా."

"తలెత్తి నీ మొహం చూడలేకుండా ఉండా."

"పాపను బాగుచేయలేనందుకు ఆయన ఏమన్నాడు?"

"ఈ ఇంట్లో ఎవరికో విశ్వాసం తక్కువగా ఉందన్నాడు."

"మాకూ అదే మాట చెప్పినారన్నా. పోయినేడు నూర్జహాన్ కాలికి ఒకాయన తాయెత్తు కట్టినాడు. నయం కాకపోతే, తల్లికి నమ్మకం చాలలేదన్నాడు. నేను చానా దినాలు ఏడ్చినా, నావల్లే పిల్లకు ఇట్లా అయిందని."

"మా ఇంట్లో ఆ ఏడుపు నేను ఏడ్చినా ఇమాంబీ. వంట చేస్తా, నాకే విశ్వాసం లేదేమో, అందుకే నా బిడ్డ పడిపోయిందేమో అని."

"నువ్వెందుకు ఏడుస్తావక్కా. నిజం చెప్పమన్నది నువ్వే గదా, అక్కడొక మాట ఇక్కడొక మాట విన్నాలే, తలుపు పల్చన. అన్నా, నువ్వూ బాధపడబాక. నాకు కోపం వచ్చింది, లేదనను. అయినా బిడ్డకు తండ్రివి. ఆశ చూపించినాడు, పడిపోయినావు. నీ తప్పేముంది?"

"అంతే ఇమాంబీ. మోసం చేసినాడు. నేను మోసపోయినా."

"ఇంకా పొద్దుంది. పోయి మూటలు కట్టుకుంటా."

"నేనూ వస్తా, కలిసే పోదాం. పందిట్లోకి పోయి బూటు విప్పుకోని వస్తా. కూటం మొదలుపెట్టకముందే ఆయన ఎదురుగా అదే మైకు పట్టుకుంటా. ఈ మనిషి నన్ను మోసం చేసినాడు, మీరు మోసపోబాకండి, బిడ్డల మందులు ఆపబాకండి అని చెప్తా. పెద్దరికం పోతే పోనీ."

"ఉతికిన చొక్కా తెస్తా, ఉండండి. ఈ మాట కోసమే మొన్నటినుంచి ప్రార్థన చేస్తా ఉండా."

"నాయనా."

"ఆనందా? మేలుకోనే ఉండావా అమ్మా?"

"నిద్రపోలేదు. పక్కగదిలోనే గదా, అంతా వినబడింది."

"పడుకో తల్లీ. నీ బూటు తెచ్చేదానికే పోతా ఉండా."

"మైకులో కూడా చెప్తావా? ఆయన మోసం చేసినాడని?"

"చెప్తా."

"నేను చెప్పింది కూడా చెప్తావా?"

"ఏం చెప్పినావే నువ్వు? ఎప్పుడు?"

"ఏమీ లేదు ఎలిశబెతూ. నొప్పిలో ఏదో అంటా ఉంది. చొక్కా ఇట్లా ఇయ్యి, పొద్దుపోతా ఉంది."

"మీరుండండి. చెప్పమ్మా."

"వద్దులే అమ్మా. నాయన బాధపడతాడు."

"చెప్పు ఆనందా."

"పందిట్లో పడబోతా ఉంటే నాయన పట్టుకున్నాడు గదా, అప్పుడు చెవిలో చెప్పినా. 'నాకు నయం కాలేదు నాయనా, చానా నొప్పిగా ఉంది, బూటు ఇమ్మని చెప్పు' అని. 'విన్నాలేమ్మా, గమ్మునుండు' అన్నాడు నాయన. అన్నాకే మైకు తీసుకున్నాడు."