పక్కన పెట్టిన ఆరు తూటాలు

నా పేరు బత్తుల జోసఫిన్. వయసు ఇరవై ఆరు. సొంత ఊరు ఏలూరు. ప్రస్తుతం వాషింగ్టన్ రాష్ట్రం బాతెల్‌లో తలారి అబ్రహాం గారి ఇంట్లో, బేస్‌మెంట్ గదిలో అద్దెకు ఉంటున్నాను. ఒక బయోటెక్ కంపెనీలో రికార్డులు సరిచూసే ఉద్యోగం. హెచ్-వన్-బి వీసా మీద ఉన్నాను.

ఈ వాంగ్మూలాన్ని 2025 మార్చి 19, బుధవారం సాయంత్రం 4:10 నుంచి పోలీస్ స్టేషన్‌లో డిటెక్టివ్ గారి ఎదుట నా చేత్తో రాస్తున్నాను. లాయర్‌ని పెట్టుకోవచ్చని ఆయన రెండుసార్లు చెప్పారు. ముందు రాసేస్తానన్నాను. ఇంగ్లీషులో అడిగితే కాన్వెంట్ అలవాటు కొద్దీ నేను ప్రతిదానికీ "యస్ సర్" అంటాను. మొదటి పది నిమిషాల్లో నేను చేయనివి రెండు చేసినట్టు ఒప్పుకున్నాను. అందుకే తెలుగులో రాయనివ్వమని అడిగాను. దీన్ని ఇంగ్లీషులోకి మార్చే ఉమ గారు నా పక్కనే కూర్చున్నారు.

అబ్రహాం గారిని అంకుల్ అని, ఆయన భార్య దేవకుమారి గారిని ఆంటీ అని పిలుస్తాను. బంధువులు కారు. మా తెలుగు చర్చిలో పెద్దలు. వాళ్ల అబ్బాయి ఎవాన్‌కి ఇరవై నాలుగేళ్లు. ఇక్కడే పుట్టాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. నన్ను అక్కా అంటాడు. మార్చి 15న పేలిపోయిన తుపాకీ అతని చేతిలోనిదే.

అంకుల్‌కీ ఎవాన్‌కీ రేంజ్‌కి వెళ్లి గురి చూసి కాల్చే సరదా ఉంది. ఇద్దరూ ఇక్కడి పౌరులు. ఫిబ్రవరి 15న అంకుల్ ఒక ప్రెస్ తెప్పించి గరాజ్‌లో బల్ల మీద పెట్టారు. కాల్చేసిన ఇత్తడి షెల్స్‌ని మళ్లీ నింపి తూటాలు చేసే యంత్రం అది. దాని మీద గుండ్రటి పళ్లెం ఉంటుంది. పళ్లెంలో ఐదు షెల్స్ నిలబడతాయి. లీవర్ ఒకసారి లాగి వదిలితే ఐదింటికీ ఒకేసారి వేర్వేరు పనులు జరుగుతాయి. ఒకదాని అడుగున నిప్పు రాజేసే పాత ప్రైమర్ ఊడుతుంది, ఒకదానిలో తుపాకీ మందు పడుతుంది, ఒకదాని మీద గుండు కూర్చుంటుంది, అలా. తర్వాత పళ్లాన్ని చేత్తో ఒక గడి తిప్పాలి. తిప్పితే తయారైన తూటా ఒకటి డబ్బాలో పడుతుంది. తిప్పడం మర్చిపోయి మళ్లీ లీవర్ లాగితే ఒకే షెల్‌లో మందు రెండుసార్లు పడుతుంది. అలాంటి తూటా కాలిస్తే తుపాకీయే పేలిపోవచ్చు. ఈ సంగతి మాన్యువల్ 14వ పేజీలో గడి కట్టి మరీ రాశారు. ఆ 14వ పేజీని నేను అంకుల్‌కి మూడు శనివారాలు చదివి వినిపించాను.

అంకుల్ ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీలో మెషీన్లు నడిపిన మనిషి. మాన్యువల్‌లో అక్షరాలు మరీ చిన్నవని నన్ను చదవమన్నారు. చదివితే వినేవారు కాదు. "మాన్యువల్ చదివేవాళ్లు మెషీన్ నడపరు జోసీ, నడిపేవాళ్లు చదవరు" అనేవారు.

మొదటి రోజే ఇంకో మాట చెప్పారు. "నువ్వు చదువు, రాసుకో. చెయ్యి మాత్రం వెయ్యకు. వీసా వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోకూడదు. పట్టుకున్నావా, ఇక నీ వీసాకి స్తోత్రం."

అందుకని నేను రెండడుగుల దూరంలో స్టూల్ మీద కూర్చుని చదివేదాన్ని, నోట్‌బుక్‌లో రాసేదాన్ని.

బల్ల ఊగేది. బల్లని గోడకి బిగించాలని 6వ పేజీలో ఉంది. చదివాను. అంకుల్ బల్ల కాలి కింద చర్చి బులెటిన్ మడిచి పెట్టారు. మందు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పడింది. మళ్లీ చదివాను. మరుసటి వారం ఇంకో బులెటిన్ పెట్టారు. మార్చి 7, శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు ఎవాన్ వచ్చి బల్లని గోడకి బిగించేశాడు. తర్వాత మందు కొలత సరిచేశాడు. పదిసార్లు పోసి, పదిసార్లు తూచాడు. పదిసార్లూ ఒకటే అంకె. నేను పదిసార్లూ రాశాను.

అప్పుడు ఆంటీ తలుపు దగ్గరికి వచ్చి, "మీ అంకుల్ ముప్పై ఏళ్ల కిందట మందు మానేసి రక్షణ పొందాడు. ఇప్పుడు చూడు, గరాజ్‌లో మళ్లీ మందు కొలుస్తున్నాడు, అదీ కొడుకుతో కలిసి" అన్నారు. అందరం నవ్వాం. ఆ రోజు బాగానే ఉంది.

మార్చి 8, శనివారం. ఎవాన్ ఇంట్లో లేడు. ఉదయం 10:30కి అంకుల్ మొదలుపెట్టారు. 11:20కి నలభై ఒక్క తూటాలు అయ్యాయి. డబ్బాలోంచి వాటిని పెద్ద పెట్టెలో పోశారు. ఖాళీ డబ్బా మళ్లీ పెట్టి లీవర్ ఒకసారి లాగి వదిలారు. మందు పడిన చప్పుడు విన్నాను. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. పాస్టర్ షాలేం రాజు గారు వచ్చారు.

పాస్టర్ గారు గడపలో అడుగు పెడితే ముందు ప్రార్థన, తర్వాతే ఏ మాటైనా. ఆ ఇంట్లో అలవాటు అది. అంకుల్ చేతులు తుడుచుకుని వెళ్లిపోయారు. ఆంటీ "జోసీ, ప్రార్థనకి రా" అని పిలిచారు. 11:22 నుంచి 11:41 దాకా ప్రార్థన జరిగింది. పాస్టర్ గారు నా వీసా రెన్యూవల్ కోసం కూడా ప్రార్థించారు. నేను కళ్లు మూసుకుని, అంకుల్ పళ్లెం తిప్పారా లేదా అని ఆలోచిస్తున్నాను.

పాస్టర్ గారు ప్రెస్ చూస్తానన్నారు. ముగ్గురం గరాజ్‌లోకి వచ్చాం.

"అంకుల్, పళ్లెం తిప్పారా?" అన్నాను.

"తిప్పాను."

"నేను చూడలేదు."

"నువ్వు చూస్తేనే తిరుగుతుందా?" అన్నారు. పాస్టర్ గారు నవ్వారు.

"మధ్యలో ఆపితే పళ్లెం మీదున్నవన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టాలట అంకుల్. 14వ పేజీ."

"ప్రార్థన చేసుకుని వచ్చి పట్టుకున్న పనిలో అనుమానమేంటమ్మా? పాస్టర్ గారూ, ఇలా రండి. గంటకి నాలుగొందలు చేస్తుందిది."

లీవర్ లాగారు. ఆరుసార్లు లాగారు. గుండు పెట్టే ముందు ప్రతి షెల్‌లోకీ తొంగి చూడాలి. ఒక్కదానిలోకీ చూడలేదు, పాస్టర్ గారి మొహమే చూశారు. డబ్బాలో ఆరు తూటాలు పడ్డాయి. నేను లెక్కపెట్టాను. 11:44కి ఆంటీ "పలావు చల్లారిపోతోంది" అని కేకేశారు. ఇద్దరూ లోపలికి వెళ్లారు.

నేను సుమారు నాలుగు నిమిషాలు ఒక్కదాన్నే ఉన్నాను. ఆ ఆరింటిలో ఒకదానిలో మందు రెండింతలు పడి ఉండొచ్చు. ఏదో తెలియదు. పడకపోయి కూడా ఉండొచ్చు. భోజనం అయ్యాక అంకుల్ వాటిని మిగతావాటిలో కలిపేస్తారని తెలుసు.

డిటెక్టివ్ గారు అడిగిన ప్రశ్నకి ఇది నా జవాబు. అవును, ముట్టుకున్నాను. ఆ ఆరు తూటాలనీ నా కుడిచేత్తో డబ్బాలోంచి తీసి, ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి మూత వేశాను. అర నిమిషం పట్టి ఉంటుంది. చేతికి చల్లగా తగిలాయి. అనుకున్నదానికన్నా బరువుగా ఉన్నాయి. అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ దేన్నీ ముట్టుకోలేదు.

తర్వాత ఒక పసుపు చీటీ మీద "ఇవి వాడవద్దు. మందు రెండుసార్లు పడి ఉండవచ్చు" అని రాసి మూత మీద అంటించాను. తెలుగులో రాశాను.

తెలుగులో ఎందుకు రాశావని డిటెక్టివ్ గారు మూడుసార్లు అడిగారు. అంకుల్ మనవరాలు, వాళ్ల పెద్దమ్మాయి కూతురు అబిగేల్‌కి ఆరేళ్లు. ఆ పాపకి తెలుగు రావాలని అంకుల్ కోరిక. చర్చిలో పిల్లలకి అక్షరాలు నేర్పేది నేనే కాబట్టి, ఆ ఇంట్లో వస్తువులన్నిటికీ పేర్లు రాసి అంటించాను. తలుపు, ఉప్పు, అద్దం. గరాజ్‌లో సుత్తి, నిచ్చెన. మొత్తం ముప్పై ఎనిమిది. అన్నీ పసుపు చీటీలే, అదే పెన్ను. ఆ చీటీలు, ఆ పెన్ను ఆ రోజు నా జేబులో ఉన్నాయి. చదవాల్సింది అంకుల్ అనే అనుకున్నాను. తెలుగు చదవడం రాని ఎవాన్ నా మనసులోకే రాలేదు. ఆఫీసులో అయితే ఇంగ్లీషులో, ఎర్ర అక్షరాలతో, ఇంకొకరి సంతకం కూడా తీసుకుని అంటించేదాన్ని. నాకు జీతమిచ్చేది ఆ పనికే.

భోజనాల దగ్గర "అంకుల్, ఆ ఆరూ పక్కన పెట్టి ఉన్నాయి" అన్నాను. అంకుల్ పాస్టర్ గారికి పెరుగు పచ్చడి వడ్డిస్తున్నారు. "సరేలే అమ్మా, ముందు తిను" అన్నారు. విన్నారో లేదో తెలియదు. నేను నా మామూలు గొంతుతోనే చెప్పాను. స్కూల్లో సిస్టర్లు నా ప్రోగ్రెస్ కార్డు మీద ఏటా "నెమ్మదస్తురాలు" అని మెచ్చుకుంటూ రాసేవారు. పక్కన పెట్టింది ఎవరో చెప్పలేదు. చెబితే ముట్టుకున్నానని తెలిసిపోతుంది. ప్రమాదం అన్న మాట వాడలేదు. మళ్లీ చెప్పలేదు. ఆ వారంలో బట్టలు ఉతకడానికి రెండుసార్లు గరాజ్ మీదుగా వెళ్లాను. పెట్టె బల్ల మీదే ఉంది. చెప్పేశాను కదా అనుకున్నాను.

మార్చి 15, శనివారం ఉదయం ఎవాన్, అతని స్నేహితుడు రాజీవ్ రేంజ్‌కి వెళ్లారు. "బల్ల మీద ఉన్నాయి, పట్టుకెళ్లు" అని అంకుల్ చెప్పారట. ఎవాన్ పెద్ద పెట్టెతో పాటు చిన్న పెట్టె కూడా తీసుకెళ్లాడు. 11:40కి, చిన్న పెట్టెలోని మూడో తూటా కాల్చినప్పుడు, తుపాకీ అతని చేతిలోనే పేలిపోయింది. ఇది నేను చూడలేదు. రాజీవ్ ఫోన్ చేసి చెప్పాడు.

మార్చి 16, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆస్పత్రికి వెళ్లాను. ఎవాన్ కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు ఇదివరకులా వంగుతాయో లేదో చెప్పలేమన్నారట.

"అక్కా, ఫాల్ట్ నాదే. పౌడర్ నేనే సెట్ చేశా కదా. డాడీ కూడా అదే అన్నాడు" అన్నాడు.

చిన్న పెట్టె మీద చీటీ చూశావా అని అడిగాను.

"ఆ యెల్లో పేపరా? అబీ లేబుల్ అనుకున్న. ఇల్లంతా ఉంటాయి కదా అక్కా."

నర్సు వచ్చి టైం అయిపోయిందనేదాకా కూర్చుని వచ్చేశాను.

మార్చి 17, సోమవారం సాయంత్రం ఆరింటికి ఆంటీ నా గదికి ఇడ్లీలు తెచ్చారు.

"పోలీసులు నిన్నూ పిలుస్తారు జోసీ. నువ్వేదీ ముట్టుకోలేదని చెప్పు. ఏ తూటా మీదా ఎవరికీ అనుమానం రాలేదనే మీ అంకుల్ చెప్పారు. చీటీ సంగతి అడిగితే పాపదన్నారు."

"మరి ఎవాన్ తన తప్పే అనుకుంటున్నాడు ఆంటీ."

"అనుకోనీ. వాడిని ఎవరేం చేస్తారు? కన్నకొడుకు కాబట్టి మేం చూసుకుంటాం. వాడి చెయ్యి ఇవాళ కాకపోతే రేపు నయమవుతుంది. నీ వీసా పోతే నయమవుతుందా?" అని ఏడ్చారు. "మీ అంకుల్ చెడ్డవాడు కాదమ్మా. భయపడ్డాడు."

ఆలోచిస్తానన్నాను. నేనెప్పుడూ అదే అంటాను.

అంకుల్ చెడ్డవారు కాదు. అది నిజమే. చీటీ చదవకుండానే పాపది అన్నారో, చదివి అన్నారో నాకు తెలియదు. పళ్లెం తిప్పారో లేదో కూడా నాకు తెలియదు. తెలియనివి తెలిసినట్టు రాయను.

తెలిసినవి ఇవి. ఎవాన్ పెట్టిన కొలత సరైనదే. పదిసార్లు తూచిన అంకెలు నా నోట్‌బుక్ 22వ పేజీలో ఉన్నాయి. ఆ పుస్తకం ఈ వాంగ్మూలంతో పాటు ఇస్తున్నాను. ఆ 41 తూటాలు గానీ, ఆ ఆరు తూటాలు గానీ అతను చేసినవి కావు. ఆ రోజు అతను గరాజ్‌లోనే లేడు. ఆ ఆరింటి మీద అనుమానం వచ్చింది, నాకు వచ్చింది, పైకి చెప్పాను. గట్టిగా చెప్పలేదు. అతను చదవలేని అక్షరాల్లో రాశాను. తూటాలు ముట్టుకోకూడదని తెలిసే ముట్టుకున్నాను. దానివల్ల నా వీసాకి ఏమవుతుందో డిటెక్టివ్ గారు తనకు తెలియదన్నారు. నాకూ తెలియదు.

ఒక్క మనవి. ఉమ గారు దీన్ని ఇంగ్లీషులోకి మార్చాక ఒక కాపీ ఎవాన్‌కి ఇప్పించండి. ఎవరైనా వెళ్లి చెబుతామంటే వద్దు. అతనే చదువుకోవాలి.

ఇందులో రాసినదంతా నేను చూసింది, విన్నది, చేసింది. ఎవరూ నాచేత రాయించలేదు. రాయొద్దన్నవారు ఉన్నారు. రాయడం అయ్యాక రికార్డింగ్ కోసం పైకి చదవమన్నారు. చదివాను. వినబడలేదని డిటెక్టివ్ గారు అంటే, లేచి నిలబడి మొదటి నుంచి మళ్లీ గట్టిగా చదివాను.

సాయంత్రం 6:35.

(సంతకం) బత్తుల జోసఫిన్

దీని కిందే ఇంగ్లీషులో కూడా సంతకం చేశాను, ఎవాన్ కోసం.