ధర పెంచిన వెండెల్ గారు

మధ్యాహ్నం రెండున్నర. మంచు పడుతూనే ఉంది, గాలి లేదు. కూర్చో ట్రూడీ. కిటికీకి అతుక్కుంటే బస్సు తొందరగా రాదు. మీ ఆయన ఫోన్ చేశాడుగా, వంతెన మీద జారి కంచెకి ఆనుకున్నాం, ఎవరికీ ఏం కాలేదు, నెమ్మదిగా వస్తున్నాం అని. నేనూ విన్నాను. అయినా నేనూ లేచి లేచి చూస్తూనే ఉన్నా. నడిపేది మా ఆయన, వెనక కూర్చున్నది మా అబ్బాయి ఎమెట్. ఇద్దరూ ఒక్క బస్సులో. నా కోపం మంచు మీద కాదులే. మన బాస్కెట్‌బాల్ జట్టు కొత్త మేనేజరు ఎమెట్‌ని ఆడించనన్నాడు. ఇవాళ మూడింటికి జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిడికి గడువు. వాణ్ణిచ్చి ఒహాయో జట్టు వాళ్ళ పొడుగువాణ్ణి తెచ్చుకోవాలని బేరం. ఈలోపు కాలు బెణికితే బేరం పోతుంది. సరే, ఆడించకండి. మరి బస్సెందుకు ఎక్కించినట్టు? ఇంట్లో ఉంచితే దెబ్బ తగిలిందని పుకారు పుడుతుందట. బెంచీ మీద నవ్వుతూ కనబడాలట. పెళ్ళిచూపులు నయం, కనీసం ఇంటికొచ్చి చూస్తారు.

వెండెల్ గారైతే ఆ బస్సు ఎక్కనిచ్చేవాడు కాదు. నీకు తెలీదు, నువ్వు పుట్టకముందే పోయాడు. అప్పట్లో మన జట్టు మేనేజరు. పగలంతా పాత టైర్లు అమ్మేవాడు. టైరు కడగాలి కానీ మరీ మెరిపించకూడదు, కొనేవాడికి అనుమానం వస్తుంది అనేవాడు. ఆటగాళ్ళకీ అదే సూత్రం. ఆ ఏడు మా ఆయన ఒట్టో, అప్పటికింకా మా ఆయన కాదు, నేను గేటు దగ్గర పాప్‌కార్న్ అమ్మేదాన్ని, ఒకే ఒక్క రాత్రి బంతి ఎటు విసిరితే అటు పడింది. ఆ రాత్రే ఒహాయో వాళ్ళ మనిషి చూడ్డానికొచ్చాడు. అంతే, మర్నాటి నుంచి వెండెల్ గారు ఒట్టోని ఆడించడం మానేశాడు. ఆడితే నిజం తెలిసిపోతుందిగా. ఆడకపోతే కుంటివాడంటారు. అందుకని విరామంలో చిందులేసే చీర్ పిల్లల మధ్య గెంతించాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, పాపం, ఒక అడుగు వెనకే గెంతేవాడు. జనం మాత్రం ఆట కన్నా అదే చూశారు. బయట మెట్ల మీద మంచు గడ్డకడితే ఇద్దరు కుర్రాళ్ళ చేత మోయించాడు. ఒహాయో మనిషి దగ్గరికొచ్చి, ఏమయ్యా, కాళ్ళు బాగాలేవా అనడిగితే, కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి, ఊరికే అరగదీయడం దేనికి, అన్నాడట వెండెల్ గారు. వాడు అక్కణ్ణించే పరుగెత్తాడు ఫోన్ చెయ్యడానికి. అప్పటిదాకా ఒకణ్ణి ఇస్తామన్నవాళ్ళు ఇద్దరినిస్తామన్నారు. ఇంకో ఊరివాళ్ళూ బేరంలో దూరారు. ఒట్టో ఆ వారం బంతి ముట్టుకోలేదు తెలుసా, ముట్టుకోనివ్వలేదు. ముట్టుకోనివాడు తప్పు వేసేదెలా?

గడువు రోజు నేను వెండెల్ గారి గదిలోనే ఉన్నాను, పాప్‌కార్న్ నూనె అడగడానికి వెళ్ళాను. మంచుగాలికి కిటికీ టకటకమంటోంది. ఒహాయో వాళ్ళు చివరి మాటగా ముగ్గురినిస్తామన్నారు. ముగ్గురు. వెండెల్ గారు ఫోన్ పెట్టేసి నావంక చూశాడు.

"ముగ్గురికి ఒట్టోనా? నన్ను మరీ వెర్రివాణ్ణి చేస్తున్నారమ్మా వీళ్ళు."

నవ్వుతున్నాడేమో అనుకున్నాను. లేదు. అమ్మేవాడే తన సరుకుకి పడిపోయాడు. మూడు దాటింది. ఆ సాయంత్రం ఆనందంగా ఒట్టోని దింపాడు. వేసిన బంతల్లా రింగు తగిలి జనంలో పడింది, ఒకటైతే బాకా ఊదేవాడి బాకాలో. వెండెల్ గారు టోపీ అంచు కొరుక్కుంటూ, ఇంకా ఒళ్ళు వేడెక్కలేదు, వేడెక్కలేదు అన్నాడు ఆట అయిపోయేదాకా. అలా ఒట్టో నాకు మిగిలాడు. పెళ్ళికొచ్చి కూడా ఆయన, జాగ్రత్తమ్మా, మెట్లు దింపేటప్పుడు పట్టుకో, అన్నాడు. నిజంగా, నవ్వకుండానే.

మూడయిందా? ఏదీ, నీ ఫోన్. బేరం కుదిరిందా. బస్సులో ఉండగానే. అంటే ఎమెట్ ఇప్పుడు ఒహాయో వాళ్ళ మనిషి. అదే బస్సు, అదే సీటు. పోనీలే. నా కోటివ్వు.

ఆ లైట్లు మనవేనా? మనవే. ముందువైపు సొట్ట పడింది చూడు. ఒట్టో దిగాడు. ఒకటి. రెండు, మూడు. ఆ ఎర్రకోటు కోచ్, నాలుగు. జారకండర్రా, నెమ్మది. మీ ఆయన, అడుగో, టోపీ లేకుండా. వెళ్ళు, నువ్వు వెళ్ళు. ఆ కొత్త మేనేజరు వేలితో లెక్కపెడుతున్నాడు. మనవాళ్ళంతా వచ్చేశారు, తలుపు వేసెయ్యొచ్చంటున్నాడు. ఆయన లెక్కకి సరిపోయిందట.

తలుపు వెయ్యొద్దను ట్రూడీ. లోపల ఇంకొకడున్నాడు. ఆ, లేచాడు. తల వంచు నాన్నా.

ఎమెట్.