కదలని జాబితా, కుదురులేని మనిషి

1985 ఏప్రిల్ ఒకటో తేదీన శ్రీమతి ఇసోముర సెట్సుకో గారు కజెనౌర దీవి పురపాలక కార్యాలయంలో గుమాస్తాగా ప్రవేశించారు. జనన మరణాల నమోదులోనూ, తాగునీటి విభాగంలోనూ ప్రశంసనీయమైన సేవలందించి, 2008లో విపత్తు నివారణ విభాగానికి బదిలీ అయిన నాటినుంచి, గాలి తీరు మారితే కిటికీ దగ్గరికి వెళ్లకుండా ఉండలేని స్వభావం వారిది.

2019 సెప్టెంబరు నాటి తుపాను ప్రత్యేకంగా స్మరణీయం. నడవలేని వృద్ధులను ముందుగా తరలించేందుకు సెట్సుకో గారి దగ్గర ఒక ఎక్సెల్ జాబితా ఉండేది. అందులోని పేర్లు సంక్షేమ విభాగం ఫైలు నుంచి లింకు ద్వారా వచ్చేవి. జూన్‌లో ఆ ఫైలున్న ఫోల్డరును ఇతర విభాగాలు తెరవకుండా కట్టుదిట్టం చేశారు. అయినా జాబితా ఖాళీ కాలేదు. చివరిసారి అందిన పేర్లనే చూపిస్తూ ఉండిపోయింది. తెరిచినప్పుడల్లా లింకులను తాజా చేయాలా అని అడిగేది. ఒకసారి అవునంటే ఫైలు అందలేదన్న సందేశం వచ్చింది. పేర్లు కనిపిస్తూనే ఉన్నాయి కదా అని సెట్సుకో గారు అటుపై ‘వద్దు’ నొక్కుతూ వచ్చారు.

తుపాను మర్నాడు తీరం తాకుతుందనగా, బస్సులకు పేర్లు కేటాయిస్తున్న సెట్సుకో గారికి తొమ్మిదో వరుసలో హమాగుచి గారి పేరు కనిపించింది. జూలైలో ఆయన అవతలి ఒడ్డు వృద్ధాశ్రమానికి వెళ్తుంటే రేవులో చేయి ఊపి సాగనంపింది తామే. వెళ్లిపోయినవారి పేరు ఇంకా ఉందంటే, కొత్తగా మంచం పట్టినవారి పేర్లు చేరలేదన్నమాట. వారు వెంటనే పై అంతస్తులోని సంక్షేమ విభాగానికి పరుగుతీశారు.

“ఆ ఫోల్డరు మీకు చూపించకూడదండీ. వ్యక్తిగత వివరాలు కదా,” అన్నారు సంక్షేమ విభాగాధిపతి తోబాషి గారు.

“నాకు చూపించొద్దండీ. నా జాబితాను మీ కంప్యూటరులో మీరే తెరిచి, తాజా చెయ్యమని నొక్కండి. మీకు అనుమతి ఉంది, మీ మాటైతే వింటుంది.”

“రాతపూర్వకంగా అడగాలి మరి. రేపు చూద్దాం.”

“రేపటికి రోడ్డుంటుందో లేదో. కాగితం ఇక్కడే నిలబడి రాస్తాను, ఈలోగా మీరు నొక్కండి.”

ఆయన నొక్కారు. హమాగుచి గారి పేరు పోయి, నాలుగు కొత్త పేర్లు వచ్చాయి. ఆగస్టులో పక్షవాతం వచ్చిన నొగువా టొమె గారు వారిలో ఒకరు. మధ్యాహ్నానికల్లా నలుగురినీ పాఠశాల భవనానికి చేర్చారు. మర్నాడు కొండచరియ విరిగి టొమె గారి పడకగదిని కప్పేసింది.

మేయరు గారు అభినందించబోతే, “మూడు నెలలు ‘వద్దు’ నొక్కింది నేనేనండీ. నివేదికలో అదీ రాయించండి,” అన్నారు సెట్సుకో గారు. రాయించేదాకా వదల్లేదు. ప్రతి సోమవారం సంక్షేమ విభాగమే జాబితాను తాజా చేసి, పైన తేదీ వేసే పద్ధతి వారి పట్టుదల ఫలితమే. “మంగళవారం పొద్దున్నే ఫోను వస్తుంది, నొక్కారా అని. ఆరేళ్లుగా ఒక్క వారం తప్పలేదు,” అంటారు తోబాషి గారు.

ఈ మార్చి నెలాఖరున విధుల నుంచి విశ్రమిస్తున్న సెట్సుకో గారికి నిండు ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయుష్షు, తుపాను హెచ్చరిక వెలువడిన రోజున సైతం భర్త షిగెహారు గారి పక్కన కూర్చుని కప్పు టీ పూర్తిగా తాగగలిగేంత మనశ్శాంతి లభించాలని సహోద్యోగులందరి తరఫున హృదయపూర్వకంగా ఆకాంక్షిస్తున్నాము.