చిటికెన వేలి మీద సిరా

ముదినేపల్లి అవతల చేపల చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. పోలియో చుక్కల డబ్బా భుజాన వేసుకుని వచ్చిన నర్సు క్రిస్టినాకి కాళ్ళు లాగుతున్నాయి, ఓపిక ఎప్పుడో అయిపోయింది. ఎదురుగా చెరువు గుమస్తా నాగరాజు. గుమ్మంలో, ఒడిశా నుంచి పనికొచ్చిన ఫూల్మణి. ఆమె ఒళ్ళో పాప.

"పాప నిద్రపోతోంది సిస్టర్ గారూ. లేపకండి. చుక్కలు వేసేశాననుకుని వెళ్ళిపోండి."

"అనుకోవడానికా నాగరాజు గారూ, ఇంత ఎండలో నడిచొచ్చింది? నిన్న బూత్‌కి తీసుకురండని కబురు పంపితే రాలేదు. పాపని ఇలా ఇవ్వమ్మా ఫూల్మణీ."

"తనకి తెలుగు అంతగా రాదండి. ఏదన్నా ఉంటే నన్నడగండి."

"రాకపోవడమేంటి? కడుపుతో ఉన్నప్పుడు వస్తే నాతో గంటసేపు కబుర్లు చెప్పింది. కాన్పు గుడివాడలోనే చేయించండని మీకూ చెప్పి వెళ్ళాను. విన్నారా? షెడ్డులోనే కానిచ్చేశారు. ఆ పక్క చెరువు బుధ్నికీ అంతే."

"నొప్పులు చెప్పి రావు కదండీ. అసలే వాన. గట్టు మీదికి ఆటో రాదు."

"అన్నిటికీ ఓ కారణం ఉంటుంది మీ దగ్గర. పొద్దున్న బుధ్ని దగ్గరికెళ్తే పాప ఎవరో ముసలామె చేతిలో ఉంది. తల్లేదంటే వల లాగడానికెళ్ళిందట! పాలిచ్చే తల్లిని వలకి పంపుతారా ఎవరన్నా?"

"రేపు పట్టుబడి కదండీ. చేపలు పట్టి లారీకెత్తేదాకా ఒక్క చెయ్యీ ఖాళీగా ఉండకూడదు. ఓనరు గారి సంగతి మీకు తెలియందేముంది?"

"తెలుసు లెండి. ఏదమ్మా, ముందు పాప ఎడమ చెయ్యి చూపించు. చిటికెన వేలు."

"వేలెందుకండీ? చుక్కలు వేసేసి..."

"మీరాగండి. పిడికిలి విప్పమ్మా. మెల్లిగా. ఆ... ఇదేంటి?"

"మసండీ. పొయ్యి మసి."

"మసైతే తుడిస్తే పోవాలి. పోవట్లేదే."

"అయితే ఎవరో సిస్టరొచ్చి వేసుంటారు..."

"ఈ చెరువులన్నీ నా డ్యూటీలోవే, ఇంకెవరొస్తారు? ఈ సిరా నాదే. పొద్దున్న బుధ్ని పాపకి చుక్కలేసి నేనే పెట్టాను, ఇవాళ ఇంత పసిపిల్లల్లో వేసింది తనకొక్కదానికే. గౌను మార్చారు గానీ వేలు మర్చిపోయారు. నేను పంపుషెడ్డు నీడలో అన్నం తింటుంటే బండి మీద తెచ్చేశారు, అంతేనా?"

"అరవకండి సిస్టర్ గారూ."

"ఇది బుధ్ని పాప. మరి ఫూల్మణి పాప ఏది?"

"పోయిందండి."

"ఎక్కడికి పోయింది?"

"పోయిందంటే... పోయిందండి. వాంతులు, జ్వరం. ఒళ్ళు కాలిపోయింది. మొన్న గురువారం."

"నాకు ఫోన్ చెయ్యలేదేం? అంబులెన్సుకి చెయ్యలేదేం?"

"చేద్దామనే అన్నానండి. పట్టుబడి ముందర గట్టు మీదికి అంబులెన్సులూ ఆఫీసర్లూ వద్దన్నారు ఓనరు గారు. వీళ్ళు చెరువు నీళ్ళే తాగుతున్నారని తెలిస్తే..."

"చెరువు నీళ్ళా! మీ పిల్లలకి పట్టిస్తారా ఆ నీళ్ళు?"

"నేను జీతగాణ్ణండి."

"పాపని ఎక్కడ పెట్టారు?"

"గట్టు చివర. మేత గోడౌను వెనక."

"ప్రభువా! పోయిన బిడ్డ బదులు పక్కవాళ్ళ బిడ్డని చూపిస్తే సరిపోతుందనుకున్నారా? ఈ తల్లి కడుపుకోత కనపడలేదా మీకు? ఫూల్మణీ, చెయ్యి ఇలా ఇవ్వు. అయ్యో, నీ ఒళ్ళూ కాలిపోతోందే!"

"ఎండకండి, తనకేం లేదు..."

"మీరు నోరు ముయ్యండి నాగరాజు గారూ. నేనే ఆటో పిలుస్తాను. అడ్డొచ్చారంటే ఇక్కణ్ణుంచే పోలీసులకి ఫోన్ చేస్తాను. లేమ్మా ఫూల్మణీ, గుడివాడ ఆసుపత్రికి వెళ్దాం."

"రాను అక్కా."

"హమ్మయ్య, నోరు విప్పావు. ఎందుకు రావు? భయమా? నేను పక్కనే ఉంటాను."

"పాప ఏడుస్తుంది. పాలకి."

"నీ పాలే తాగుతోందా ఇది? నీ బిడ్డ పోయిన బాధలో కూడా... నీకు దండం పెట్టాలి తల్లీ. కానీ ముందు నువ్వు బతకాలి. పాపని ఇలా ఇవ్వు. వాళ్ళమ్మని వల దగ్గర్నుంచి పిలిపిస్తాను. ఇంక తనే చూసుకుంటుంది."

"సిస్టర్ గారూ, ఆ సంగతి తర్వాత మాట్లాడదాం..."

"తర్వాతేం లేదు. మీరెళ్ళి ఇప్పుడే బుధ్నిని పిలుచుకు రండి. కదలరేం?"

"బుధ్ని రాదక్కా. తను కూడా గోడౌను వెనకే ఉంది, నా పాప పక్కన."