ఆరో గాజుపలక

క్వారీ మేస్త్రీ ఇల్లు, ముందుగది. మేస్త్రీ, భూగర్భశాస్త్రం చదివి క్వారీ ప్రమాదం మీద నివేదిక రాయడానికొచ్చిన ఆయన కూతురు.

"పగులు కొలవాలి. పేలుళ్ల తేదీలు ఎక్కించాలి. గాజుపలకలు చూడాలి. ఆఖరున మేస్త్రీని అడగాలి. మూడూ అయ్యాయి నాన్నా, నువ్వే మిగిలావు."

"నన్నేం అడుగుతావమ్మా. మీ బాబాయి మీద బండ పడి నెలైంది. అడిగితే లేచొస్తాడా?"

"బాబాయే గడ్డపారతో పగులు మీది గాజు పగలగొట్టాడని, అందుకే బండ కదలడం ఎవరికీ తెలియలేదని కంపెనీ రాసింది. పిన్ని ఆ కాగితం చదివించుకుంది. నేను సంతకం పెడితే తప్పు బాబాయిదే. సోమవారం అదే గోడ కిందికి నలభైమంది దిగుతారు."

"టీ చల్లారిపోతుంది, తాగు."

"ఆ పళ్లబుట్ట ఎవరిది?"

"డ్రిల్లర్లు తెచ్చారు. నేను పైకి రమ్మని కబురు పెట్టబట్టే ఆ రోజు బతికారట."

"ఒక్కటీ ముట్టుకోలేదే?"

"పులుపు."

"గోడ ఎందుకు తడుతున్నావు?"

"తట్టానా?"

"నేనొచ్చినప్పటి నుంచీ."

"మీ బాబాయి అలవాటు. ఏ బండ కనబడినా తట్టి చెవి పెట్టేవాడు. గట్టి బండ గంటలా పలుకుతుంది, విడిపోయిన బండ కుండలా పలుకుతుంది అనేవాడు. చెవులాయన అని నవ్వేవాళ్లం. ఇప్పుడు తెల్లారేసరికి ఈ గోడలోంచి మూడు దెబ్బలు వినబడతాయి. బదులు కొడుతున్నా."

"నాన్నా..."

"నీ చదువులో దానికి పేరుండదులే. నువ్వు చెప్పు, బండ ఎందుకు చీలుతుంది?"

"అన్ని పక్కల నుంచీ ఒత్తిడి. ఏళ్ల తరబడి ఓర్చుకుంటుంది. ఓర్పు చాలని చోట చీలుతుంది. ఊరికే చీలితే పగులు. చీలాక ఒక పక్క జారితే భ్రంశం."

"మా గోడది?"

"జారింది. పగులుకి అడ్డంగా సిమెంటుతో గాజు అతికిస్తే, బండ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. విరిగితే పని ఆపాలి..."

"మేస్త్రీకే రూలు చెబుతున్నావా?"

"పక్కపక్కనే ఐదు సిమెంటు మచ్చలు చూశాను. అన్నీ మధ్యకి తెగి, కుడి సగం కిందికి దిగింది. పాతది ఎక్కువ, కొత్తది తక్కువ. ఐదుసార్లు గాజు విరిగింది. విరిగినప్పుడల్లా ఎవరో కొత్తది పెట్టారు."

"క్వారీ గోడన్నాక వెయ్యి మచ్చలుంటాయి."

"నా పట్టా ఫోటోకి అద్దం ఏది?"

"ఏ ఫోటో?"

"ఇంట్లో పట్టా ఉన్నది నాకొక్కదానికే. నీ తలమీదున్న ఫోటో."

"పిల్లి పడేసింది."

"మనకి పిల్లి ఎక్కడిది?"

"పక్కింటిది."

"ఫ్రేముకి గీత కూడా పడలేదు. ఆ మచ్చల దగ్గర దొరికిన గాజుముక్క నా సంచిలో ఉంది నాన్నా. అంచుకి ఈ ఫ్రేము బంగారు రంగు అంటుకుని ఉంది."

"పేలుళ్ల అదురుకి విరుగుతున్నాయనుకున్నానమ్మా. ఆఫీసులో గాజు అడిగితే పని ఆపేస్తారు. అందుకని ఇంట్లోది కోశాను. మా అమ్మాయి చదువే కాపాడుతుందిలే అనుకున్నాను కూడా, పిచ్చివాణ్ణి."

"బాబాయికి తెలుసా?"

"ఆ రోజు ఐదోది విరిగింది. వాడు బండ తట్టి, 'అన్నయ్యా, కుండలా పలుకుతోంది, పని ఆపుదాం' అన్నాడు. 'నీ చెవులు నీ దగ్గరే పెట్టుకో' అన్నాను. ఆరో ముక్క చేతిలో పెట్టాను."

"అతికించాడా?"

"ముందు కిందికెళ్లి అందర్నీ పైకి తరిమాడు."

"నువ్వు కబురు పెడితేనే కదా?"

"టీ చల్లారిపోయింది. మళ్లీ పెట్టనా?"

"నాన్నా, కబురు పెట్టింది నువ్వే కదా?"

"అన్నయ్య రమ్మన్నాడు అని చెప్పాడట. వాడి మాటైతే ఎవరూ కదలరని. ఆఖరివాడు పైకెక్కాక, నా మాట తీసెయ్యలేక, గాజు పట్టుకుని ఒక్కడే వెనక్కెళ్లాడు."

"నెలరోజులుగా వాళ్లు నీకు దణ్ణం పెడుతుంటే..."

"పెట్టించుకున్నాను. రాయమ్మా. గాజులు మార్చింది మేస్త్రీ అని రాయి. ఆ గోడ కిందికి ఎవరూ దిగొద్దని రాయి. కింద ఇంకొక్క మాట. ఈ కాగితం చదివేవాళ్లు చెవులాయన్ని గుర్తుపెట్టుకోండి, నలభైమందినీ పైకి పిలిచింది వాడు, నేను కాదు."