రకానికి పన్నెండు

నేను దొంగనండీ సంపూర్ణమ్మ గారూ. మందిరంలోనే దొంగతనం చేశా. పోయిన ఏడాది డిసెంబరు ముప్పై ఒకటో తారీఖు రాత్రి ఆరాధనలో, పక్కనున్న బైబిలు తెరిచి, అందులో పెట్టిన కొత్త ఏడాది వాగ్దానం కార్డు తీసేసుకున్నా. నాకొచ్చిన కార్డు అందులో పెట్టేశా. ఈ ముక్క ఇప్పటిదాకా ఎవ్వరికీ చెప్పలా. ప్రార్థనలో కూడా పైకి అనలా, లోపలే గొణిగి ఆమేన్ అనేశా.

అలా చూడకండి. మీరు కళ్ళు పెద్దవి చేస్తే కార్డులకని కోస్తున్న అట్ట వంకర తెగుద్ది. అసలే మీ కత్తెర మొద్దుబారిపోయింది. నలభై ఏళ్ళూ దీంతోనే కోశారా కార్డులన్నీ?

మీకు పక్షవాతం వచ్చి మాటా, కుడిచెయ్యీ పోయాక, ఈ ఏడాది కార్డులు ఎవరు రాస్తారని పాస్టరు నతానియేలు గారు అడిగారు. నేనే చెయ్యెత్తా. వినీలకి దేవుడి పనంటే ఎంత భారమో చూశారా అని అందరూ మెచ్చుకున్నారు. భారమూ లేదు, గీరమూ లేదు. మీరు మాట్లాడలేరని వచ్చానండీ. తిరిగి తిట్టలేని మనిషిని వెతుక్కుని మరీ ఒప్పుకోలుకొచ్చా. నా భక్తి ఆ మాత్రం ఉంటది.

ఎవరి కార్డంటారా? బ్లెస్సీది.

అవునండీ, మన బ్లెస్సీదే. మీ సండే స్కూల్లో నా పక్కనే కూర్చుని, నేను మర్చిపోయిన వాక్యాలు నా చెవిలో ఊదిన పిల్ల. పెళ్ళై ఉయ్యూరు వెళ్ళినా, ఆ రాత్రి ఆరాధనకి పటమట వచ్చింది కదా. అప్పుడు దానికి మూడో నెల.

మీరు కార్డుల ట్రే పట్టుకుని బెంచీ బెంచీకీ వచ్చారు. ఏడాదంతటికీ దేవుడి మాటని కళ్ళు మూసుకుని నేనొకటి తీశా, అదొకటి తీసింది. నాది అక్కడే విప్పా. కన్నీళ్ళు తుడుస్తానన్న వాగ్దానం. తుడవాలంటే ముందు కారాలి కదా? అంటే ఏడాదంతా ఏడుపే! డిగ్రీ మధ్యలో మానేసి, యూట్యూబు చూసి డీటీపీ నేర్చుకుని, ఉద్యోగం లేక రోజూ మా అమ్మతో మాటలు పడుతున్నా. ఇంకా ఏడవాలా?

బ్లెస్సీ తనది విప్పలా. ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో కలిసి ప్రార్థన చేసుకున్నాకే విప్పుద్ది. చిన్నప్పట్నించీ దాని పద్ధతి అంతే. మడత మడతగానే బైబిల్లో పెట్టి, కేకు పంచుతున్నారంటే షామియానా కిందికి వెళ్ళింది. 'నీకూ ఓ ముక్క పట్టుకొస్తానే' అని వెళ్ళిందండీ. నాకోసం వెళ్ళింది!

అప్పుడు తీసి చూశా. మూసుకుపోయిన తలుపులు తెరుస్తానన్న వాగ్దానం. దానికెందుకిది? మొగుడున్నాడు, అత్తగారు మంచిది, బిడ్డ వస్తోంది. తెరవడానికి దాని దగ్గర మూసిన తలుపేదీ? ఇలా నాకు నేనే సాక్ష్యం చెప్పుకుని మార్చేశా. అది తెచ్చిన కేకు కూడా తిన్నా.

ఫిబ్రవరిలో భవానీపురంలో డీటీపీ షాపులో ఉద్యోగం వచ్చింది. ఇంకేముంది! కార్డుకి లామినేషన్ చేసి, ఫోను కవరులో వెనకాల పెట్టుకున్నా. బస్సెక్కే ముందు దాన్ని తడమాలి. సార్ పిలిస్తే తడమాలి. ఓసారి కవరు మార్చి కార్డు ఇంట్లో మర్చిపోతే, బస్టాండు దాకా వెళ్ళినదాన్ని దిగి వెనక్కొచ్చా.

షాపులో నాతో పనిచేసే అనఘ అని ఓ పిల్లుంది. స్కూటీకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకుంది. ప్రాణం లేని వస్తువుని నమ్ముతావేంటే అని గంటసేపు క్లాసు పీకానండీ. పాపం వినీ వినీ, 'సర్లే తల్లీ. నా నిమ్మకాయ వారానికోసారి మారుస్తా. నీ ఫోను వెనకాలది ఎన్నాళ్ళకి మారుస్తావు?' అంది. అది వేరు, ఇది వేరు అన్నా. ఎలా వేరో ఇంకా ఆలోచిస్తానే ఉన్నా.

'మనింట్లో విగ్రహాలు' అని పాస్టరుగారు నాలుగు వారాలు ప్రసంగించారు కదా, ఆ ఫ్లెక్సీ ఎవరు చేశారనుకున్నారు? నేనే. టీవీ బొమ్మా, కారు బొమ్మా, బంగారు గొలుసు బొమ్మా పెట్టి, ఇంకేమైనా వదిలేశానా అని ఆలోచిస్తా ఫోను వెనకాల నిమురుకుంటున్నానండీ!

నవ్వుతున్నారా? నవ్వండి. ఆ పైది చెప్తే నవ్వలేరు.

ఏప్రిల్లో బ్లెస్సీకి ఏడో నెల. కడుపులోనే పోయింది బిడ్డ.

మీకు తెలుసులెండి. నాకు మాత్రం ఆ కబురు వినగానే, కన్నీళ్ళ కార్డు ఎవరి బైబిల్లో పెట్టానో అదే గుర్తొచ్చింది. మనవాళ్ళంతా రెండాటోల్లో ఉయ్యూరు బయల్దేరారు. నేను జ్వరమన్నా. మీరప్పటికి బాగానే తిరుగుతున్నారు. వెళ్తా వెళ్తా మా గుమ్మంలోకొచ్చి నా నుదుటి మీద చెయ్యేశారు. నా నుదురు చల్లగానే ఉంది. చెయ్యి తీసేసి వెళ్ళి ఆటో ఎక్కారు.

వారానికి బ్లెస్సీ దగ్గర్నించి మెసేజి. ఆ కార్డు ఫోటో. 'వినీ, ఈ ఏడు నాకేం వాగ్దానం వచ్చిందో చూడవే. దేవుడికి ముందే తెలుసు. దీన్ని పట్టుకునే లేస్తున్నా' అని. ఏం రాయమంటారు? అది దేవుడు పెట్టింది కాదే, నువ్వు కేకుకి వెళ్ళినప్పుడు నేను పెట్టానని రాయనా? తర్వాత 'ఓసారి రావే' అని పెట్టింది. ఆ తర్వాత 'నామీద కోపమా?' అని. ఎనిమిది నెలలండీ. ఒక్కదానికీ జవాబివ్వలా.

ఇందాక కొలత కోసం మీ మంచం కింద చెప్పుల డబ్బా తీశానా? పోయినేటి కార్డులు మిగిలినవి, రబ్బరు బ్యాండ్లేసిన కట్టలు. పైన చీటీ మీద మీ రాత. 'తలుపులు పన్నెండు. కన్నీళ్ళు పన్నెండు. కాపరి పన్నెండు.' రకానికి పన్నెండు! నేనేమో మందిరం మొత్తానికీ అదొక్కటే అనుకున్నా. పైనుంచి తిన్నగా ట్రేలో పడిందనుకున్నా. తీరా చూస్తే మీరు ఈ మంచం మీద కూర్చుని, ఈ మొద్దు కత్తెరతో కోసి పడేసినవి.

ఎలీషా అంకులు ఫ్రిజ్ మీద తలుపుల కార్డే ఉంది, నా కళ్ళతో చూశా. మార్చిలో ఆయన కర్రీ పాయింటు మూతపడింది. దానమ్మగారి మనవరాలికి కన్నీళ్ళది వచ్చింది. నర్సింగులో సీటొచ్చి వీధంతా గంతులేసింది.

తలుపుల కట్టలో ఇంకా నాలుగున్నాయండీ. నాకిది నచ్చలేదు, ఇంకోటివ్వండని అడిగితే ఇచ్చేసేవారా? ఔనంటే కళ్ళు మూయండి.

ఓరి దేవుడా. ఇచ్చేసేవారు.

అంటే నావల్ల బిడ్డ పోలేదు. అట్టముక్క ఎవర్నీ ఏం చెయ్యలేదు. ఆ మాట అనుకోగానే హాయిగా ఉండాలి కదా? ఇందాకట్నించీ చూస్తున్నా, ఉండట్లా. కార్డు తప్పుకుంటే దాని వెనకాల నేనున్నానండీ. బ్లెస్సీ రమ్మంటే వెళ్ళనిదాన్ని. నా పాపం, నా భయం, నా దొంగతనం అని ఎనిమిది నెలలు వాటికే దండం పెట్టుకుంటా కూర్చున్నా. మనవాళ్ళు దాని కబుర్లు చెప్పబోతే లేచి వెళ్ళిపోయా.

పోయిన బిడ్డ ఆడో మగో కూడా నాకు తెలీదు సంపూర్ణమ్మ గారూ. అడగలా.

ఏంటండీ? నా ఫోనెందుకు ఇటు తోస్తున్నారు? పడుద్ది, పడుద్ది. ఎడమచేత్తో బలం బాగానే వచ్చిందే మీకు.

ఇప్పుడే బ్లెస్సీకి చెయ్యాలా? రాయాల్సిన కార్డులు ఇంకా సగం ఉన్నాయండీ. పది రోజుల్లో ముప్పై ఒకటి. సరే సరే, చూడకండలా.

ఉండండి, ముందు ఈ కార్డుని ఫోను కవర్లోంచి తీయనివ్వండి. ఇదిగో, కట్టలో పెట్టేశా. ఐదు. అన్నిట్లోకీ ఇదొక్కటే మెరుస్తోంది చూడండి, సిగ్గు లేకుండా.

ఫోన్లోనే కార్డు సంగతి చెప్పెయ్యనా? వద్దా. ముందు బిడ్డ గురించి అడగనా? ఆఁ, మూశారు కళ్ళు. నాకూ అదే అనిపిస్తోంది. కార్డు సంగతి ఉయ్యూరు వెళ్ళి చెప్తా, అది కొడితే అందేంత దగ్గర కూర్చుని.

అది ఫోను ఎత్తకపోతే బాగుండునని చిన్న ప్రార్థన చేసుకోవచ్చాండీ?

వద్దా.

సరే, ఫోను చేస్తున్నా. ఆ కత్తెర మీరు పట్టుకోండి.